గాలిమోటరు మెత్తలు

ఖాద్రీ కప్తాన్ మా మామను మొదటిసారి చూసింది వికారాబాదు స్టేషను ముందు, టాంగాల అడ్డాలో. మామ ఒక టాంగా కింద వెల్లకిలా పడుకొని సీటు అడుగుపట్టీ బిగిస్తున్నాడు. ఆయన కోడలిని, నేను చక్రం పక్కన కూర్చొని దారానికి మైనం రుద్దుతున్నాను. ఖాకీ బట్టల్లో ఉన్న పొడుగాటి మనిషి ఒకాయన వచ్చి ఆ టాంగా ఎక్కి కూర్చున్నాడు. దిగాడు. మళ్ళీ ఎక్కి, ఈసారి కళ్ళు మూసుకొని కూర్చున్నాడు.

"ఏడికి వోవాలె సాబ్?" అన్నాడు టాంగావాడు.

"ఏడికీ పోను. గీ సీటు ఎవరు కుట్టిన్రు?"

మామ టాంగా కిందినుంచే చెయ్యెత్తాడు.

అది అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. మా ఊరు వికారాబాదు నుంచి పూడూరు పోయే తోవలో ఉంటుంది. ఊరి పక్కన బసిరెడ్డి పటేల్ బంజరులో పట్నం క్లబ్బువాళ్ళు డేరాలు వేసుకొని ఉన్నారు. వాళ్ళ దగ్గర ఒక గాలిమోటరు ఉంది. మేమట్లా అనేవాళ్ళం గాని దానికి ఇంజనే లేదు. గ్లైడరు అంటారట. బంజరు ఆ చివర ఒక యంత్రం పెట్టి ఉక్కుతీగతో గుంజితే గాలిపటంలాగా లేస్తుంది. పైకి పోయాక తీగ వదిలేసి, గద్దలాగా చుట్లు తిరిగి, చప్పుడు లేకుండా దిగుతుంది. పటేల్ కొడుకు విఠల్‌రెడ్డి పట్నంలో చదువుకుంటూ ఆ క్లబ్బులో చేరాడు. అందుకే పటేల్ భూమి ఇచ్చాడు.

పోయిన వానలన్నీ ఆ గ్లైడరు ఏదో కొట్టంలో పడి ఉందట. ఎలుకలు దూరి సీట్లలో గూళ్ళు పెట్టాయి. మెత్తలు చినిగి, గుర్రపు వెంట్రుకలు బయటికి వచ్చి, లోపలి గుడ్డంతా ఊడి వేలాడుతోంది. కప్తాన్ ఎవర్నీ ఎక్కనివ్వడం లేదు. ఊడిన గుడ్డ దాన్ని నడిపే కర్రకు చుట్టుకుంటే పైన ఉన్న మనిషి కిందికి సరిగ్గా దిగడు.

"కుట్టెటోడు ఒకడున్నడని మీ పటేల్ చెప్పిండు. ఏసుదాస్ అంటే నువ్వేనా?" అని అడిగాడు కప్తాన్.

"నేనే సాబ్," అన్నాడు మామ, మోచేతుల మట్టి దులుపుకుంటూ.

మామ ఒకప్పుడు జాగీరు గుర్రాలకు జీన్లు కుట్టినవాడు. జాగీర్లు పోయాయి, గుర్రాలు పోయాయి. టాంగాలు మిగిలాయి. ఊళ్ళో పటేల్ ఇంటికి మాత్రం చెప్పులు, కాడికి కట్టే తోలు వార్లు, అన్నీ ఊరికే కుట్టి ఇవ్వాలి. కల్లం లేచేటప్పుడు పటేల్ ఇష్టమైనన్ని గింజలు పోస్తాడు. మా మాదిగవాడలో మా తాతల కాలం నుంచి అదే నడుస్తోంది. మామ ఎన్నడూ దానికి ఎదురు చెప్పలేదు. పటేల్ "ఏసిగా" అంటే "దొరా" అని కుంటుకుంటూనైనా పరుగెత్తేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట వచ్చేసరికి నా పెనిమిటి బాల్‌రాజ్ లేచాడు. ఆయన స్టేషనులో మూటలు మోసేవాడు. సభలకు పోయేవాడు, కరపత్రాలు చదివేవాడు.

"పని ఇచ్చెటోడు కప్తాన్. నడుమ పటేల్ ఎవడు నాయినా? ఊరికే చేయిస్తడా గిది గూడ? నేనైతె నిలదీస్త."

"నిలదీసెటోని తీరు చూడు," అంది మా అత్త ఈశ్వరమ్మ, జొన్నరొట్టె తిప్పుతూ. "ముంగట ఆ కోడలికి చెప్పు. అడ్డాల మొగోళ్ళ నడుమ కూసొని ఆరె పడుతున్నది. వాడంత నవ్వుతున్నది నన్ను చూసి."

అత్తకు నామీద ఉన్న కోపమంతా అదే. మా వాడలో ఆడవాళ్ళు తోలు నానబెడతారు, మైనం రుద్దుతారు గాని తోలుకు తూట్లు పొడిచే ఆరె పట్టి కుట్టరు. మాది తాండూరు. మా నాయిన బాలప్ప బండల లారీలు ఆగే చోట సీట్లూ తాటిపత్రులూ కుట్టేవాడు. ఆయనకు కొడుకులు లేరు. అందుకని నాకు నేర్పించాడు. పెళ్ళయి వచ్చాక మామ ఒకసారి నా కుట్టు చూసి, ఏమీ అనకుండా తన రెండో ఆరె నాకిచ్చాడు. అత్త దాన్ని రెండుసార్లు దాచిపెట్టింది.

*

గ్లైడరును పటేల్ దొడ్లో పెట్టారు. రెక్కలు విప్పి గోడకు ఆనించి, ఒళ్ళు మాత్రం రెండు కొయ్య గుర్రాల మీద నిలబెట్టారు. చెప్పులు దొడ్డి వెనక తలుపు దగ్గరే విడిచి లోపలికి పోయాం. దగ్గరగా చూస్తే అది సన్నటి చెక్క, దానిమీద బిగించిన గుడ్డ. వేలితో కొడితే డప్పులాగా మోగింది. ముందర ఒకరి వెనక ఒకరు కూర్చునేట్టు రెండు గుంటలు. పైన గాజు మూత.

పాత మెత్తలు పీకితే ఎలుక పిల్లలు బయటపడ్డాయి. మామ వాటిని గడ్డిలో వదిలి, గుంటల్ని తడిగుడ్డతో తుడిచాడు. కప్తాన్ పట్నం నుంచి ఆకుపచ్చ రెగ్జిను తెచ్చాడు. అంచులకు మాత్రం మేకతోలే వేయాలని మామ పట్టుబట్టాడు, మనిషి ఎక్కేటప్పుడు చెయ్యి ఆనేది అక్కడే కదా అని. లోపల కొబ్బరిపీచు దట్టించి, టాంగాకు కుట్టినట్టే గట్టిగా, ఎత్తుగా కుట్టాం. మామకు చాలా గర్వంగా ఉంది.

కప్తాన్ ఎక్కి కూర్చున్నాడు. గాజు మూత వేసుకోబోతే ఠప్పున నెత్తికి తగిలింది.

మెడ వంచి లోపలినుంచే మమ్మల్ని చూశాడు. నాకు నవ్వాగలేదు. మామ తల దించుకున్నాడు. కప్తానూ నవ్వాడు.

"గిది టాంగ కాదు ఏసుదాస్ భయ్. పైన జాగ లేదు. ఇంకో సంగతి, బరువు. మెత్త బరువైతె దీని మూతి వంగుతది. జర హల్కా చెయ్యాలె."

అన్నీ విప్పదీశాం. కొబ్బరిపీచుకు బదులు బూరుగు దూది నింపుదామని నేనన్నాను. దూది ఒక పక్కకు పోకుండా గడులు గడులుగా కుట్టు వేశాం. కప్తాన్ కూరగాయలమ్మే ఆమె దగ్గర తక్కెడ అడిగి తెచ్చి ఒక్కో మెత్తా తూచాడు. తూచినప్పుడల్లా మామ ఊపిరి బిగబట్టేవాడు. మెత్త జరగకుండా అడుగున నాలుగు పట్టీలతో చెక్కకు బిగించాం. రెండింతల దారం, లోపలివైపు కుట్టు. ఎంత గుంజినా ఊడదు.

ఒకరోజు కప్తాన్ ఉక్కుతీగ కొనడానికి పట్నం పోతూ చెప్పాడు: "నేను ఆదివారం వస్త. ఎవరన్న ఎక్కి కూసొని చూడున్రి. కాళ్ళు చాపితె నడుము ఆనాలె. నడిపే కర్ర కడుపుదాక గుంజితె మెత్తకు తగలొద్దు. తగిలితె మనిషి పోతడు, సమజైందా?"

మామకు మోకాలు వంగదు. గుంటలోకి ఒక కాలు పెట్టి చూసి, తీసేశాడు.

"నువ్వు కూసో బిడ్డ," అన్నాడు.

నేను ఇటూ అటూ చూశాను. చీర కుచ్చెళ్ళు దోపుకొని ఎక్కాను. కాళ్ళు చాపాను. మెత్త నడుముకు ఆనింది. కర్ర కడుపు దాకా గుంజితే వెనకెక్కడో తోక దగ్గరి రెక్క పైకి లేచింది. మెత్తకు తగల్లేదు. వేలు దూరేంత సందు ఉంది. ఆ మాట మామకు చెప్తుంటే పేడతట్ట పట్టుకొని హన్మమ్మ వచ్చింది, పటేల్ ఇంట్లో పనిచేసేది.

"ఓయమ్మ, దొరసానోలె కూసున్నవు గద!" అని నవ్వి పోయింది.

హన్మమ్మ మనసులో ఏ చెడూ లేదు. నవ్వుతూనే పటేల్ ఇంట్లో చెప్పినట్టుంది.

*

ఆదివారం పటేల్ చుట్టాలందరినీ పిలిచాడు. ఆ రోజు కప్తాన్‌తో కలిసి మొదట ఎగిరేది విఠల్‌రెడ్డి. బంజరులో గ్లైడరుకు రెక్కలు బిగించి నిలబెట్టారు. మూతికి బంతిపూల దండ వేశారు. బండ్ల మీద వచ్చినవాళ్ళు నీడకు కూర్చున్నారు. మా వాడవాళ్ళం దూరంగా కంచె దగ్గర నిలబడ్డాం. మామ ఉతికిన ధోతి కట్టుకున్నాడు. తన పనిని నలుగురూ చూస్తారని ఆయన ఆశ.

విఠల్‌రెడ్డి ఎక్కబోతుంటే పటేల్ చెయ్యెత్తి ఆపాడు.

"ఏసిగా, నీ కోడలు దీంట్ల కూసున్నదట గద?"

మామ కంచె దగ్గరినుంచి రెండడుగులు ముందుకు పోయాడు. "కొలతకు కూసున్నది దొరా. కప్తాన్ సాబే చెప్పిండు."

"కూసుంటె ఏమాయె, కడిగితె పోతది," అన్నాడు పటేల్. ఆయన గొంతులో కోపం కూడా లేదు. కాలికి అంటిన మట్టి గురించి చెప్పినట్టు చెప్పాడు. చుట్టాల్లో ఎవరో నవ్వారు. జీతగాడు బీరన్న రాగి చెంబుతో ఆవు పంచితం తెచ్చాడు.

నేను కప్తాన్ వైపు చూశాను. యుద్ధంలో విమానాలు నడిపినాయన అని చెప్పుకునేవాళ్ళు.

"నీళ్ళు పొయ్యొద్దు పటేల్ సాబ్," అన్నాడు కప్తాన్. "దూది తడిస్తె బరువైతది."

"పొయ్యము. చల్లుతం."

కప్తాన్ ఇంకేమీ అనలేదు. బీరన్న చేత్తో పంచితం తీసి ముందు సీటు మీద చల్లాడు, అంచుతోలు మీద చల్లాడు. ఆకుపచ్చ రెగ్జిను మీద చుక్కలు జారడం కంచె దగ్గరికి కూడా కనిపించింది.

నేనెప్పుడు నడిచానో నాకు తెలియదు. బాల్‌రాజ్ నా కొంగు పట్టుకోబోయాడని తర్వాత చెప్పారు. బీరన్నను పక్కకు జరగమన్నాను. అతను జరిగాడు. గుంటలోకి వంగి మెత్తను రెండు చేతులా పట్టుకొని గుంజాను. రాలేదు. మళ్ళీ గుంజాను. మేం కుట్టిన కుట్టు, మేం బిగించిన పట్టీలు, ఎట్లా వస్తాయి? చుట్టాలు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. నాకు చెమటలు కారుతున్నాయి, కళ్ళలో నీళ్ళు కూడా.

వెనక కుంటి నడక చప్పుడైంది. మామ. నన్ను లాక్కుపోతాడనుకున్నాను.

ఆయన మొలలోంచి తోలు కోసే కత్తి తీసి నాకిచ్చాడు.

"అట్ల రాదు బిడ్డ. లోపటి కుట్టు కొయ్యాలె," అన్నాడు.

నేను ముందు సీటు కోశాను. మామ వెనక సీటు కోశాడు. అంచుల మేకతోలు కూడా మొదలునుంచి చివరదాకా విప్పాడు, తొందరపడకుండా, చెక్కకు గీత పడకుండా. అక్కడున్న ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. మా వాడవాళ్ళు ఇట్లా చేయడం వాళ్ళు ఎన్నడూ చూసి ఉండలేదు. పటేల్‌కు నోరు వచ్చేసరికి మెత్తలు మా నెత్తుల మీద ఉన్నాయి.

"మిర్గం రానీరా ఏసిగా. విత్తనాలప్పుడు ఎవని తలుపు కొడ్తవో చూస్త."

మామ ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. దొరా అనలేదు. మళ్ళీ నడిచాడు.

*

మరుసటి రోజునుంచి మా వాడలో ఒక్క మనిషిని కూడా పటేల్ పనికి పిలవలేదు. వేరే రైతులకూ కబురు పోయింది. అడ్డాలో టాంగావాళ్ళు మామను చూసి తలలు తిప్పుకున్నారు. వాడ పెద్దమనిషి జంగప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వొక్కనివి చేసినవు ఏసుదాసు, అందరం ఉపాసముంటున్నం. పోయి ఒక్కసారి కాళ్ళు మొక్కు. మెత్తలు మల్ల కుట్టియ్యి. అయిపోతది."

 నేను బాల్‌రాజ్ వైపు చూశాను. నిలదీస్తానన్న మనిషి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మొక్కితె ఏం పోతది నాయినా," అన్నాడు చివరికి. "పటేల్‌తోని మనకు అయితదా?"

 ఇంక మిగిలింది అత్త. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఆరె పట్టినందుకే నన్ను సాధించిన మనిషి ఇప్పుడేమంటుందో నాకు తెలుసనుకున్నాను. ఆమె చేతులు దులుపుకొని లేచింది. మూలన పెట్టిన మెత్తల్లోంచి ఒకటి తెచ్చి వాకిలి నడుమ వేసింది. దానిమీద కాలు మీద కాలేసుకొని కూర్చుంది. చింతపండు గంప దగ్గరికి లాక్కుంది.

"ఇగో, ఇప్పుడు నేను గూడ కూసున్న. పొయ్యి చెప్పు జంగప్పా. ఎన్ని చెంబులు తెస్తడో తెమ్మను."

 జంగప్ప లేచి పోతూ పోతూ ఎందుకో పెద్దగా నవ్వాడు.

అత్త నా వైపు చూడకుండా అంది: "ఏమే, ఆ ఆరె వాసం సందుల ఉన్నది. తీసుకో."

రెండు మూడు రోజులకు కప్తాన్ మా వాడకు వచ్చాడు. ఎండలో నడిచి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. అత్త మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగాడు.

"ఏసుదాస్, ఆనాడు నేను మాట్లాడాల్సింది," అన్నాడు. "దూది గురించి మాట్లాడిన."

 నేనే చెప్పాను. "ఔ సాబ్. దూది గురించే మాట్లాడినవు."

ఆయన మొహం ఎర్రబడింది. చేతిలోని చెంబును అరుగు మీద జాగ్రత్తగా పెట్టాడు. "సీట్లు కావాలె. మీరెట్లంటె అట్ల."

మామ అప్పుడు నోరు విప్పాడు. ఆ మాటలు ఆయన ఎప్పటినుంచి కూడబెట్టుకున్నాడో. "పటేల్ దొడ్లకు మేం రాము. నీ గాలిమోటరు ఈడికి రావాలె, మా చర్చి ముంగటికి. ఈడనే కుడ్తం. కుట్టినంక దాని మీద ఎవ్వడు చెంబు పట్టొద్దు. కడిగి కూసునెటోడు కూసోనే వద్దు."

"పటేల్ భూమి వాపస్ తీసుకుంటడు," అన్నాడు కప్తాన్.

"తీసుకోనీ," అన్నాను. "తాండూరుల బండల గని పక్కన చాపరచినట్టు నేల ఉన్నది. చెట్టు లేదు చేమ లేదు. మా నాయిన అక్కడి లారీలోళ్ళతోని మాట్లాడ్తడు."

 కప్తాన్ టోపీ పెట్టుకొని బసిరెడ్డి పటేల్ ఇంటికి పోయాడు. అక్కడ ఏం మాటలు జరిగాయో మాకు తెలియదు. పొద్దు వాలేలోపల బంజరులో డేరాలు లేచిపోయాయి. గ్లైడరు రెక్కలు ఇద్దరిద్దరు పట్టుకున్నారు. ఒళ్ళును మా వాడ మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. ముందర జంగప్ప, వెనక తోక కింద బాల్‌రాజ్. పటేల్ ఇంటి ముందునుంచి పోయే బాటలోనే తెచ్చారు. చుట్టుబాట ఉంది. ఎవరూ ఆ మాటెత్తలేదు.

చర్చి ముందు చింతచెట్టు నీడలో మళ్ళీ కుట్టాం. ఈసారి కుట్టింది నేనూ మామా మాత్రమే కాదు. దూది ఏరడానికి అత్త కూర్చుంది. ఆమె పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు.

*

తాండూరు పోదామన్నప్పుడు బాల్‌రాజ్ ఒక్కమాటే అన్నాడు. "ఇల్లరికం వోవాల్నా నేను?"

"నువ్వొక్కనివే ఎందుకు వోతవు? అందరం వోదాం," అంది అత్త. "ఈడ తలుపులు కొట్టుకుంట తిరుగుడు కన్న నయం గాదా."

బండల లారీ ఒకటి గ్లైడరును ఎక్కించిన బండిని వెనక కట్టుకొని లాగింది. లారీలో మా సామాను, దాని పైన మేం. తాండూరు గని పక్కన నేల తెల్లగా, గట్టిగా, కంటికి ఆనినంత మేర చదునుగా ఉంది. ఎండకు బండలు కాలి పైకి వేడిగాలి లేస్తుంటే కప్తాన్ చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. గాలి పైకి లేచే చోటే దీనికి బలమట.

మొదటి రోజు గని పనివాళ్ళంతా పని ఆపి వచ్చారు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిపి అరుస్తున్నారు. కప్తాన్ వెనక సీట్లో కూర్చొని, "ముందు సీటు కుట్టినోళ్ళది. ఎవరొస్తరు?" అన్నాడు.

మామ మోకాలు చూపించాడు. బాల్‌రాజ్ వెనక్కి జరిగాడు. నేను ముందుకు అడుగేశాను గాని అత్త నా చెయ్యి పట్టి పక్కకు జరిపింది.

"నువ్వొకసారి కూసున్నవు గద," అంది.

కొంగు నడుముకు బిగించి, కుచ్చెళ్ళు దోపుకొని ఎక్కింది. పట్టీలు నేనే కట్టాను. ఆమె తల నిటారుగా పెట్టుకొని కూర్చుంది. తీగ బిగిసింది. నేలంతా ఒక్కసారి జరజరమంది. అంతలోనే చప్పుడాగిపోయింది, గ్లైడరు మా నెత్తుల మీదుగా లేచింది. మామ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది తిరిగి తిరిగి దిగేదాకా ఆయన కళ్ళార్పలేదు.

అత్త దిగి చీర సర్దుకుంది. అందరూ మూగారు.

"ఏం కనవడ్డదత్తా?" అన్నాను.

"పటేల్ బంగ్లా కనవడ్తదేమోనని చూసిన. కనవడలే," అంది. "ఏడుందో గూడ ఎర్క గాలే."

ఆ నవ్వుల్లో విఠల్‌రెడ్డి వచ్చాడని మేం ముందు చూడలేదు. సైకిలు పట్టుకొని జనం వెనక నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా చెమట. తండ్రికి చెప్పి వచ్చినట్టు లేదు. కప్తాన్ అతన్ని పిలిచాడు.

"ఎగురుతవా?"

"ఎగురుత సార్."

"సీటు చూసినవు గద, ఎవరు కూసున్నరో? ఈడ చెంబు లేదు. అట్లనే కూసోవాలె."

అతను సీటు వైపు చూశాడు. అత్త అక్కడే, చెయ్యి నడుము మీద పెట్టుకొని నిలబడి ఉంది.  తర్వాత మా ఎవరి మొహమూ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. పట్టీలు కట్టేందుకు నేను వంగాను. నా వేళ్ళు అతని భుజానికి తగిలాయి. అతను జరగలేదు. నేనూ తొందరపడలేదు. ఒక్కొక్కటే బిగించి, గుంజి చూసి, పక్కకు వచ్చాను.

అతను మారిపోయాడని నేననను. అతనికి ఎగరాలని ఉంది, అంతే. కాని ఆ రోజు అతను కూర్చున్నది మేం కుట్టిన మెత్త మీద, మా అత్త ఒంటి వేడి ఇంకా ఆరకముందే.

వానలు దగ్గరపడగానే క్లబ్బువాళ్ళు గ్లైడరు విప్పుకొని పట్నం పోయారు. మేం పోలేదు. లారీలు ఆగే చోట మా నాయిన దుకాణానికి ఇంకో పందిరి వేశాం. రాళ్ళ బాటల్లో లారీ సీట్లు ఎంతకాలం ఆగుతాయి? పనికి కరువు లేదు. బాల్‌రాజ్ పాత సీట్లు విప్పేవాడు, నేనూ మామా కుట్టేవాళ్ళం. అత్త ముందర కూర్చొని ఎవరి వరుస ముందో చెప్పేది. నా ఆరె గురించి ఎవరైనా ఏమన్నా అంటే వాళ్ళ వరుస వెనక్కి పోయేది.

మిర్గం వచ్చింది, విత్తనాల కార్తె. ఒకరోజు బీరన్న బస్సు దిగి వచ్చాడు. పటేల్ ఇంట్లో కాడి వార్లన్నీ తెగిపోయాయట. ఊళ్ళో ఎవర్ని పిలిచినా చేతకాదంటున్నారట. జంగప్ప కూడా చేతకాదన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు బీరన్నకే నవ్వొచ్చింది.

"అయిందేదో అయింది, వచ్చి కుట్టిపొమ్మన్నడు దొర," అన్నాడు.

"మేం రాము బీరన్నా. పని ఉంటె ఈడికి తెమ్మను," అన్నాడు మామ. "ఎవరన్న తేవొచ్చు."

తర్వాత వారం వానొచ్చి వెలిసిన ఒక పొద్దున, బసిరెడ్డి పటేల్ తానే వచ్చాడు. బీరన్న వెనక తెగిన వార్ల మూట మోసుకొస్తున్నాడు. పటేల్ దుకాణం ముందు ఆగి దగ్గాడు. బాల్‌రాజ్ గభాలున లేవబోయి మామ వైపు చూశాడు. మామ లేవలేదు. చేతిలో ఉన్న లారీ సీటు అంచు కుట్టు ముగించి, దారం కొరికి, అప్పుడు తలెత్తాడు.

"రా పటేలా," అన్నాడు. "ముంగట రెండు లారీలున్నయి."

మామ ఆయన్ని దొరా అనకుండా పిలవడం నేను మొదటిసారి విన్నాను. పటేల్ కూడా మొదటిసారే విని ఉంటాడు. పందిరి కింద బల్ల ఖాళీగా ఉంది, మేమే మెత్త వేసి కుట్టిన బల్ల. అత్త దానిమీది దుమ్ము కొంగుతో దులిపి, "కూసో," అంది.

పటేల్ బల్లను చూశాడు. అటూ ఇటూ లారీ డ్రైవర్లను చూశాడు. కూర్చోలేదు. వెళ్ళిపోనూ లేదు. విత్తనాలు ఆగవు కదా. బురదలో చెప్పులతో అట్లాగే నిలబడ్డాడు.

నేను రెండో లారీ సీటు ముందుకు లాక్కున్నాను.